‘నీళ్ళలోన మొసలి’ పద్యం: నిగిడి అంటే ఏమిటి? కుక్కకు మొసలి ఓడుతుందా?

నిన్న మన గుంపులో ఒకరు ఈ పద్యం పెట్టి రెండు సందేహాలు అడిగారు. ‘నిగిడి’కి అర్థమేమిటి, మొసలి నిజంగానే కుక్క చేతిలో ఓడిపోతుందా అని. జవాబు కాస్త పెద్దది కాబట్టి విడిగా రాస్తున్నాను.

నీళ్ళలోన మొసలి నిగిడి యేనుగు బట్టు
బైట కుక్కచేత భంగపడును
స్థానబల్మి గాని తనబల్మి గాదయా
విశ్వదాభిరామ వినురవేమ

నిగుడు అంటే సాగు, చాచుకొను, వ్యాపించు. ‘కాళ్ళు నిగడదన్ని పడుకున్నాడు’ అని ఇప్పటికీ అంటుంటాం కదా, అందులోనూ ఈ చాచుకోవడమే ఉంది. వేమన పద్యాల్లోనే ఇంకోచోట “నీళ్ళమీద నోడ నిగిడి తిన్నగ బ్రాకు” అని వస్తుంది. ఓడకు కోపమూ పొగరూ ఉండవు. అక్కడ నిగిడి అంటే నిడుపుగా సాగిపోవడమే. అందుకే మొసలి పద్యంలోనూ ‘విజృంభించి’ అని సరిపెట్టేయకుండా ‘ఒళ్ళు చాచి దూసుకొచ్చి’ అని చెప్పుకోవాలంటాను.

మొసలి ఈదే తీరుకు ఈ అర్థం చక్కగా అతుకుతుంది. ఈదేటప్పుడు అది కాళ్ళను ఒంటికి అదుముకుంటుంది. ముందుకు తోసేదంతా తోకే. ఒంటి పొడవులో తోక దాదాపు సగం ఉంటుంది. ఒడ్డున నీళ్ళు తాగే జంతువు మీదికి ఎగబడేటప్పుడూ ఆ తోక ఊపే ఆధారం. కళ్ళు, ముక్కు, చెవులు తల పైభాగాన ఉండటంతో అవి తప్ప మిగతా ఒళ్ళంతా నీళ్ళలో దాగుతుంది. గొంతు దగ్గర ఒక కండపొర మూసుకుంటుంది కాబట్టి నీటి అడుగున నోరు తెరిచి వేటను పట్టినా ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోవు. దవడల చర్మం మీది సన్నని బొడిపెలు నీటిలో చిన్న కదలికను కూడా పసిగడతాయి. దవడలు మూసే కండరాలు మహా గట్టివి. తెరిచేవి మాత్రం చాలా బలహీనం, మూసిన మూతిని ఒక తాడుతో కట్టేసినా చాలు. మొసలి నమలలేదు. పట్టిన దాన్ని చీల్చడానికి ఒళ్ళంతా గిరగిరా తిప్పుతుంది. ఆ తిప్పుడు జోరుగా సాగాలంటే బరువు మోయడానికి నీళ్ళుండాలి. ‘స్థానబల్మి’ అన్న మాట ఇంత లోతుగా నిజం.

మరి బయట? మొసలి శీతల రక్త జీవి. చలికాలం పొద్దున ఒళ్ళు కాచుకుంటే గాని కండరాలు చురుగ్గా కదలవు. పైగా దాని జోరంతా ఆక్సిజన్ లేకుండా పుట్టే శక్తి మీద నడుస్తుంది. కొద్ది నిమిషాల్లోనే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుని అలసిపోతుంది. పెద్ద మొసలిని పట్టేటప్పుడు అది మరీ ఎక్కువసేపు పెనుగులాడితే ప్రాణానికే ప్రమాదం. అందుకే ఎండ కాచుకునే మొసలి అలికిడి వినగానే పోరాడకుండా చాలాసార్లు నీళ్ళలోకి జారుకుంటుంది. పద్యంలో ‘చచ్చును’ అనలేదు, ‘భంగపడును’ అన్నారు. కుక్క మొరిగితే చోటు వదిలి పోవడం కూడా భంగపాటే. ఆ క్రియను ఎంచుకున్న తీరు నాకెంతో ఇష్టం.

అయితే దీన్ని నమ్మి ఎవరూ మొసలి దగ్గరికి వెళ్ళకండి. మంజీరలోనూ గోదావరి తీరాన శివ్వారంలోనూ ఉండే మగ్గర్ మొసళ్ళు మనుషుల మీద కూడా దాడి చేయగలవు. నీటి అంచుకు వచ్చిన కుక్క వాటికి ఆహారమే. చెరువు ఎండితే నేల మీద దూరాలు నడిచి ఇంకో చెరువు చేరతాయి, బొరియలు తవ్వుకుని ఎండాకాలం గడుపుతాయి. బయట అవి మరీ చేతకానివేమీ కావు.

వ్యాఖ్య: బాగా రాశారండీ. మరి పోతన గారి గజేంద్రుడితో మకరి వెయ్యేళ్ళు పోరాడింది కదా. కొద్ది నిమిషాల్లో అలసిపోయేదానికి అదెలా సాధ్యం?

జవాబు: మంచి ప్రశ్న వేశారండీ. అది భక్తి కథ, వెయ్యేళ్ళను లెక్క కట్టి చూడకూడదు. బాగా ఎదిగిన ఏనుగును మొసలి చంపడం కూడా జరిగే పని కాదు, మహా అయితే గున్న ఏనుగు తొండం పట్టుకుంటుంది. కానీ “నీరాట వనాటములకు బోరాటం బెట్లు గలిగె” అన్న పోతన మాట చూడండి. ఒకటి నీళ్ళలో తిరిగేది, ఇంకోటి అడవిలో తిరిగేది. ఏనుగుకు రోజుకు నూటయాభై కిలోల దాకా మేత కావాలి. మొసలి ఒంటి వేడి కోసం తిండిని ఖర్చు చేయదు కాబట్టి పెద్దది నెలల తరబడి తిండి లేకుండా ఉండగలదు. పెనుగులాటలో ముందు అలసిపోయేది మొసలే. ఎదురుచూపుల పోటీ అయితే మాత్రం ఏనుగు డీలాపడుతుంది, మకరి నిలుస్తుంది. కథలో జరిగిందీ అదే.