పాత సైన్స్ ఫిక్షన్ బొమ్మలను మళ్లీ తీయడం ఆపేయాలా? రండి, తేల్చుకుందాం

గడియారం సెంటర్ (నల్లగొండ):
నిన్న రాత్రి 2012 'టోటల్ రీకాల్' చూసి నిద్ర చెడగొట్టుకున్నా, అందుకే ఈ లొల్లి. 1990లో పాల్ వెర్హోవెన్ తీసినదాంట్లో ఆర్నాల్డ్ అంగారకుడి మీదికి పోతాడు. అక్కడ పీల్చే గాలి మీద కూడా ఒక్కడిదే పెత్తనం, వాడికి కోపం వస్తే బస్తీ మొత్తానికి గాలి ఆపేస్తాడు. చిన్నప్పుడు చూసినా ఆ ముచ్చట ఇప్పటికీ మర్చిపోలేదు. కొత్తదాంట్లో అంగారకుడి ప్రయాణమే ఎత్తేశారు! భూమి లోపలి నుంచి బ్రిటన్‌కూ ఆస్ట్రేలియాకూ మధ్య తిరిగే పెద్ద లిఫ్ట్ పెట్టారు, అది చూడ్డానికి బాగానే ఉంది, తెల్లారేసరికి గుర్తున్నది మాత్రం ఆ లిఫ్ట్ ఒక్కటే. 'రోబోకాప్' సంగతీ అంతే, 1987 నాటి ఎక్కిరింపు అంతా తీసేసి 2014లో నీట్‌గా ఇస్త్రీ చేసి పెట్టారు. నా మాట ఒక్కటే: క్లాసిక్‌ల జోలికి పోవద్దు. ఒప్పుకోనివాళ్లు వాదించండి, కానీ "గ్రాఫిక్స్ మస్తున్నాయి" అని మాత్రం రాకండి.

పిల్లలమర్రి నీడ (పాలమూరు):
అన్నా, నీ డీపీలో ఉన్నది ఏ సినిమా? 1982 'ది థింగ్' కదా. అది రీమేక్ అని తెలిసే పెట్టుకున్నావా? 1951లో అదే కథతో ఒక బొమ్మ వచ్చింది, రెండింటికీ మూలం 1938 నాటి ఒక పెద్ద కథ. 1951లో వేరే గ్రహం నుంచి వచ్చిన ఆ జీవి ఎవరి రూపంలోకీ మారదు, పొడుగాటి మనిషిలా వచ్చి మీద పడుతుంది, అంతే. జాన్ కార్పెంటర్ మళ్లీ కథలోకి వెళ్లి అసలు విషయం పట్టుకున్నాడు: అది ఎవరిలాగైనా మారగలదు, నీ పక్కన కూర్చున్నవాడు వాడేనా కాదా నీకు తెలియదు. రక్తంలో కాలిన తీగ పెట్టి పరీక్ష చేసే సీను మొదటి సినిమాలో లేనే లేదు. 1986 'ది ఫ్లై' కూడా 1958 సినిమాకు రీమేకే. నీ లెక్క ప్రకారం పోతే ఈ రెండూ పుట్టేవే కావు.

గడియారం సెంటర్:
దొరికిపోయానని ఒప్పుకుంటున్నా తమ్ముడూ, డీపీ మాత్రం మార్చను. కానీ అదే పేరుతో 2011లో వచ్చినదాని గురించి మాట్లాడవేం? (అది రీమేక్ కాదు, ముందు కథ అంటారు, చూస్తే తేడా తెలియదు.) 1982లో రాబ్ బాటిన్ అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు రబ్బరు, జిగురు పెట్టి ఆ భూతాన్ని తయారు చేశాడు, పని పూర్తయ్యేసరికి ఒళ్లు హూనమై ఆసుపత్రిలో చేరాడు. 2011లో కూడా బొమ్మలు చేయించారు, పాపం చేసినవాళ్లు కష్టపడ్డారు కూడా, తర్వాత చాలావాటి మీద కంప్యూటర్ బొమ్మ అతికించారు. దాన్ని చూస్తే భయం కాదు, ఫోన్లో గేమ్ ఆడినట్టు ఉంటుంది.

పాత కేబుల్ వైరు (మిర్యాలగూడ):
నేను కుర్రతనంలో కేబుల్ ఆపరేటర్ దగ్గర వైర్లు లాగిన మనిషిని, కాబట్టి ఒక మాట చెప్తా తమ్ముడూ. మనం ఆ సినిమాలు చూసింది చుక్కలు పడే డబ్బా టీవీలో. సగం కనపడదు, మిగతా సగం కరెంటు పోతుంది. కనపడని సగాన్ని మనమే ఊహించుకుని భయపడ్డాం! ఇంకోటి, 1982లో 'ది థింగ్' వచ్చినప్పుడు జనం దాన్ని నెత్తిన పెట్టుకోలేదు. రెండు వారాల ముందే 'ఈ.టీ.' వచ్చింది, ముద్దొచ్చే గ్రహాంతర జీవిని చూసినవాళ్లు ఈ రోత ఎందుకు చూస్తారు? పైగా 'బ్లేడ్ రన్నర్' కూడా సరిగ్గా అదే రోజు విడుదల. విమర్శకులు తిట్టిపోశారు. అప్పుడూ నీలాంటివాడు ఒకడు "1951ది చాలదా, దీన్ని ఎందుకు తీశారు" అని లొల్లి పెట్టే ఉంటాడు. 2011లో కూడా నాకొక సీను నచ్చింది, ఆ జీవి లోహాన్ని కాపీ చేయలేదని నోట్లో టార్చి కొట్టి పళ్లలో ఫిల్లింగ్ ఉందా అని చూస్తారు. నా పళ్ల పరిస్థితికి నేను బతికిపోయేవాణ్ణి.

అమ్రాబాద్ అక్క:
మీరంతా రబ్బరా కంప్యూటరా అని కొట్టుకుంటున్నారు. నేను 1954 నాటి 'గాడ్జిల్లా' చూసింది 2019లో. మా నల్లమలలో యురేనియం తవ్వుతారట అని ఊరంతా పరేషాన్‌గా ఉన్న రోజులు, కిరాణా కొట్టు దగ్గరా అదే ముచ్చట, పెళ్లిలో కూర్చున్నా అదే ముచ్చట. సెప్టెంబరులో అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసేదాకా అట్లనే ఉంది. సరిగ్గా ఆ టైములో మా చిన్నోడు ల్యాప్‌టాప్‌లో ఈ సినిమా పెట్టాడు. రబ్బరు సూటు వేసుకున్న మనిషి, బొమ్మ ఊరిని తొక్కుతున్నాడని తెలుస్తూనే ఉంది, అయినా నవ్వు రాలేదు.

తర్వాత చదివితే తెలిసింది, ఆ సినిమా వచ్చిన 1954లోనే, మార్చిలో అమెరికా బికినీ దీవి దగ్గర హైడ్రోజన్ బాంబు పేల్చితే ఆ బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడింది. అందులో 23 మంది ఉన్నారు, అందరికీ జబ్బు చేసింది, సెప్టెంబరులో ఒకాయన చనిపోయాడు. సినిమా వచ్చింది నవంబరులో. మొదట్లోనే సముద్రంలో వెలుగొచ్చి ఓడ తగలబడుతుంటే థియేటర్‌లో ఉన్న జపాన్ జనానికి ఎట్లుండి ఉంటుందో ఆలోచించండి. 1998లో అమెరికావాళ్లు తీసినదాంట్లో తప్పు ఫ్రాన్స్ అణు పరీక్షల మీదికి నెట్టేశారు, బల్లి న్యూయార్క్‌లో ఉరుకుతుంటే వీళ్లు దాని వెనక ఉరుకుతారు, అయిపోయింది. అట్లని కొత్తవన్నీ దండగ అననులే. 2023లో జపాన్‌వాళ్లే మళ్లీ యుద్ధం అయిపోయిన రోజులకు పోయి 'గాడ్జిల్లా మైనస్ వన్' తీశారు, దానికి గ్రాఫిక్స్‌కే ఆస్కార్ వచ్చింది. కాబట్టి గడియారం తమ్ముడూ, గ్రాఫిక్స్ మాట ఎత్తొద్దు అన్నావు కానీ నేను ఎత్తుతా.

పిల్లలమర్రి నీడ:
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు. 'ఇన్వేజన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్' చూడండి. 1956లో కథ జరిగేది చిన్న ఊళ్లో, మనుషులు ఒక్కొక్కరే లోపల మారిపోతుంటారు, బయటికి అదే మొహం. 1978లో దాన్నే శాన్‌ఫ్రాన్సిస్కోకు తీసుకుపోయారు. మా ఊళ్లో ఎవడైనా కొంచెం మారితే పొద్దున పాలు పోసే దగ్గరే పట్టేస్తారు, "ఏమైందిరా నీకు" అని. అదే హైదరాబాద్‌లో మా అక్కవాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఎదురింటాయన మారిపోయినా ఆర్నెల్లు తెలియదు, ఎందుకంటే ముందు ఎట్లుండేవాడో ఎవరికీ తెలియదు కదా! నాకు రెండోదే ఎక్కువ భయం వేసింది. 1956లో రోడ్డు మీద కార్లకు అడ్డం పడి అరిచిన హీరోనే 1978లో మళ్లీ వచ్చి కారు అద్దం బాది అరుస్తాడు, ఇరవై రెండేళ్ల నుంచీ ఉరుకుతూనే ఉన్నట్టు.

గడియారం సెంటర్:
అక్కా, ఏ కాలం భయం ఆ కాలానికి పెడితే చాలంటే 2008 'ది డే ది ఎర్త్ స్టూడ్ స్టిల్' ఎందుకు తేలిపోయింది? 1951లో గ్రహాంతరవాసి వచ్చి యుద్ధాలు మానండి అంటాడు, 2008లో పర్యావరణం అంటాడు. భయం మార్చారు, కాలానికి తగ్గట్టే మార్చారు. కానీ పాతదాంట్లో ఆయన మామూలు మనిషిలా ఒక ఇంట్లో అద్దెకు దిగుతాడు, ఆ ఇంట్లో పిల్లాడితో ఊరు తిరుగుతాడు, సైనికుల సమాధుల దగ్గర నిలబడతాడు. కొత్తదాంట్లో లోహపు పురుగులు లారీని తినేస్తాయి. మనిషి దగ్గర కూర్చునే ఓపిక లేనప్పుడు ఏ భయం పెట్టినా ఒకటే.

అమ్రాబాద్ అక్క:
ఇది ఒప్పుకుంటా. ఆ పురుగులు నాకూ నచ్చలేదు.

పాత కేబుల్ వైరు:
సరే, ఇప్పుడు మన ఇంటి సంగతి. 'ఆదిత్య 369'ని ఎవరైనా మళ్లీ తీస్తామంటే?

గడియారం సెంటర్:
చెయ్యి పెడితే ఊరుకోను. 2025లో మళ్లీ విడుదలైతే మా అబ్బాయిని తీసుకుపోయి చూపించా. 1991లో సింగీతం గారు ఊహించిన 2504ను చూసి వాడు నవ్వాడు, రాయలవారి కాలం వచ్చేసరికి మాత్రం నోరు మూసుకుని చూశాడు.

పిల్లలమర్రి నీడ:
అన్నా, ఆ టైమ్ మెషిన్ ఆలోచన ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన నవలది. సింగీతం గారు దాన్ని విజయనగరానికి తోలుకొచ్చారు కాబట్టే మనదైంది. 2002లో వెల్స్ సొంత మునిమనవడే ఆ నవలను సినిమా తీస్తే ఎవరికి గుర్తుంది?

గడియారం సెంటర్:
నువ్వు నన్ను వదలవు కదా. సరే, ఈ ఆదివారం రాత్రి 1978 'బాడీ స్నాచర్స్' చూస్తా, ఒక్కణ్ణే, లైట్లు ఆపి. సోమవారం పొద్దున ఇక్కడికి వచ్చి "రీమేకులన్నీ గొప్పవే" అని రాశాననుకోండి, అది నేను కాదు, వెంటనే మా ఇంటికి ఫోన్ చేయండి.