సమస్య: “చేయి తీసినంత చెలగె రవము”

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది చివరి పాదం ఇచ్చాను. ఐదూ సూర్యగణాలే, చే–చె యతి. చేయి తీస్తే ఆగాల్సిన మోత, తీశాకే పుట్టడం ఏమిటన్నది చిక్కు. పూరణ మాత్రం సింథసైజర్ కీబోర్డు (కరెంటుతో శబ్దాలు పుట్టించి మలిచే వాద్యం) చుట్టూ తిరగాలి.

వాయించనివారి కోసం నాలుగు మాటలు. కీ నొక్కాక శబ్దం పైకి లేవడానికి పట్టే సమయం అటాక్. అక్కడినుంచి కాస్త దిగడానికి పట్టేది డికే. వేలు ఉన్నంతసేపూ నిలిచే స్థాయి సస్టెయిన్. వేలు తీశాక పూర్తిగా అణగడానికి పట్టేది రిలీజ్. మూడు కాలాలు, ఒకటి స్థాయి. కొత్తవాళ్ళు తడబడేది ఇక్కడే.

పెళ్ళి కీబోర్డు:

రిలిజు మీట పెంచి రెండవ పాటకు
మరచి యటులె యుంచి మంచి వేళ
స్వరము నొక్కి యాప సమకట్టి మెల్లగా
చేయి తీసినంత చెలగె రవము

ఇది కల్పన కాదండీ. మెలోడీ పాటకి వయొలిన్ల శబ్దం సాగాలని రిలీజ్ పెంచి, తగ్గించడం మరిచిపోయాను. ముహూర్తం దగ్గరపడిందని పంతులుగారు సైగ చేస్తే చేతులు తీసేశాను. గట్టిమేళం మొదలైంది, నా తీగల మోత ఇంకా పోలేదు. పైగా అది వేరే శ్రుతి! నాదస్వరం ఆయన చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

కళ్ళద్దాల మాస్టారు:
కథ బాగుంది. పద్యంలో రెండు చిక్కులు. “రిలీజు”లో దీర్ఘాన్ని గణం కోసం మింగేశారు. ఇంగ్లీషు మాటే కదా అని వదిలేయలేం, ఎవరూ “రిలిజు” అని పలకరు. దానికి మనకి చక్కటి మాట ఉంది, విడుపు. పట్టువిడుపుల్లో విడుపే. మొదటి పాదం ఇలా మార్చండి:

విడుపు మీట పెంచి వేరొక పాటకు

వి–వే యతి కుదిరింది, “రెండవ” అన్న లెక్కా పోయింది. రెండో చిక్కు పెద్దది. “చెలగె” అంటే విజృంభించడం. మీ కథలో మోత చెలగలేదు, మిగిలింది.

పెళ్ళి కీబోర్డు:
విడుపు తీసుకున్నాను మాస్టారూ. చెలగడం సంగతికి జవాబు లేదు. నా చెవికి మాత్రం ఆ రోజు విజృంభించినట్టే వినిపించింది.

హార్మోనియం మావయ్య:
మధ్యలో ఒక మాట. 1970లో వచ్చిన సింథసైజర్ మినీమూగ్‌లో విడుపుకి వేరే మీటే లేదు. స్విచ్చి వేస్తే డికే మీట చెప్పిన కాలమే విడుపుకీ చెల్లుతుంది, తీసేస్తే టక్కున ఆగిపోతుంది.

తెనాలి అక్క:

మెల్లమెల్ల గాను మేల్కొను నాదమ్ము
పుట్టు గడువు పెంచి పొంచి యుండ
పలుకదేమి యనుచు భయమంది గబగబ
చేయి తీసినంత చెలగె రవము

అటాక్ బాగా పెంచితే నొక్కిన వెంటనే ఏమీ వినబడదు. ఆ ఖాళీయే నా పద్యం.

కళ్ళద్దాల మాస్టారు:
నడక హాయిగా ఉందమ్మా. ప–భ వర్గయతి, తప్పు లేదు. “గబగబ” దగ్గర పాదం కూడా కంగారు పడింది.

హార్మోనియం మావయ్య:
ఛందస్సు నాకు తెలియదు గానీ కీబోర్డు ఒప్పుకోదు తల్లీ. చేయి తీసిన క్షణాన అటాక్ ఎక్కడిదాకా ఎక్కిందో అక్కడినుంచే విడుపు మొదలవుతుంది. పూర్తిగా ఎక్కి అప్పుడు దిగదు. పలకకముందే తీసేస్తే ఇక పలకనే పలకదు.

తెనాలి అక్క:
అవును మావయ్యా, ఇప్పుడే వేసి చూశాను, నిశ్శబ్దమే. కానీ సస్టెయిన్ పెడల్ తొక్కి ఉంచితే? కీబోర్డుకి నేను చేయి తీసినట్టే తెలియదు, అటాక్ తన దారిన తాను ఎక్కుతూ పోతుంది. మూడో పాదం మార్చాను:

పలుకదేమి యనుచు పాదాన పెడలొత్తి

హార్మోనియం మావయ్య:
ఇప్పుడు పలుకుతుంది.

కళ్ళద్దాల మాస్టారు:
పెడలు + ఒత్తి, ఉత్వసంధి. గబగబ పోయిందని నాకు కొంచెం బాధే.

కొత్త సభ్యుడు:

పాప చేయి సౌండు మీటపై బడియుండ
మూగవోయె పెట్టె, ముద్దు చేసి
యమ్మ యెత్తుకొంచు నల్లన పాపాయి
చేయి తీసినంత చెలగె రవము

కళ్ళద్దాల మాస్టారు:
మొదటి పాదంలో యతి తప్పింది, పా–మీ కుదరవు. “బటనుపై” అంటే చాలు. మిగతాది ముద్దుగా ఉంది.

హార్మోనియం మావయ్య:
తగ్గించిన సౌండు చేయి తీస్తే మళ్ళీ పెరగదు బాబూ. వదలగానే దానంతటదే వెనక్కి వచ్చేది శ్రుతిని వంచే పిచ్ బెండ్ చక్రం.

కొత్త సభ్యుడు:
పాప స్పీకర్ మూసిందనుకోండి సార్.

పాత యమహా:

మూడు మెట్లు సున్న, ముగిసెడి మెట్టుకు
తొంబదొమ్మి దీయ తొల్లి యమహ
నొక్క నోరు విప్ప దొక్కింతయును గాని
చేయి తీసినంత చెలగె రవము

1983లో వచ్చిన యమహా సింథసైజర్ డీఎక్స్7 గురించి ఇది. అందులో మామూలు నాలుగు మీటలు ఉండవు. శబ్దాన్ని పుట్టించే ఒక్కో భాగాన్ని ఆపరేటర్ అంటారు. ఒక్కో ఆపరేటర్‌కి నాలుగు స్థాయిలు, నాలుగు వేగాలు, అన్నీ 0 నుంచి 99 దాకా. వేలు ఉన్నంతసేపూ శబ్దం మొదటి మూడు స్థాయిల మీదుగా నడిచి మూడో దగ్గర నిలుస్తుంది, తీశాక నాలుగోదానికి పోతుంది. అందరూ నాలుగోదాన్ని సున్నాగా ఉంచుతారు. చెవికి వినబడే క్యారియర్ ఆపరేటర్లలో నేను తిరగేశాను. మొదటి మూడూ సున్నా, నాలుగోది 99, వేగాలన్నీ 99.

కళ్ళద్దాల మాస్టారు:
సమస్యని ఉన్నది ఉన్నట్టుగా పూరించింది ఇదొక్కటే. చెలగడమంటే ఇదీ. మూడో పాదంలో నొక్క–దొక్కిం ప్రాసయతి (మొదటి అక్షరాలకి బదులు రెండో అక్షరాలు కలవడం) కావాలని వేశారా, దానంతటదే పడిందా?

పాత యమహా:
పడింది మాస్టారూ. “నోరు విప్పదు” ముందే వచ్చేసింది, ఒక్కింత దాని వెనకాలే వచ్చింది.

హార్మోనియం మావయ్య:
అంతా బాగుంది. మరి అది ఆగేదెలా?

పాత యమహా:
దానంతటది ఆగదు మావయ్యా. నాలుగో మెట్టు దగ్గర దిగకుండా కూర్చుంటుంది. ఇంట్లోవాళ్ళు కేకలేస్తే చివరికి పవర్ స్విచ్చి మీద చేయి వేశాను, అప్పుడు ఆగింది.