డెట్రాయిట్ 2013: నల్లజాతి నగరంలో తెల్లజాతి మేయర్ ఎలా గెలిచారు?

ప్రశ్న: నోవై_చదువరి

2010 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు డెట్రాయిట్‌లో ఉన్నది 7,13,777 మంది. 1950లో 18 లక్షలు దాటిన ఊరు అది. ఉన్నవాళ్లలో నూటికి 80 మందికి పైగా నల్లజాతివారు. 1974 నుంచి అప్పటిదాకా మేయర్లందరూ నల్లజాతివారే. అలాంటి ఊళ్లో 2013లో మైక్ డగ్గన్ గెలిచారు. ఆయన తెల్లజాతి మనిషి, పైగా 2012లో శివారు ఊరు లివోనియా నుంచి వచ్చి చేరినవారు. ఆగస్టు ప్రైమరీ (నవంబరు తుది పోటీకి ముందు జరిగే తొలి విడత ఎన్నిక) బ్యాలెట్ మీద ఆయన పేరు కూడా లేదు.

ఇక్కడి మన తెలుగువాళ్ల మాటల్లో ఇది వచ్చినప్పుడల్లా "జనం రంగు చూడటం మానేశారు, పనిమంతుణ్ణి ఎన్నుకున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అంత తేలిక విషయమని నాకు అనిపించడం లేదు. పేరు లేకుండా గెలవడం ఎలా కుదిరింది? అప్పటికి రాష్ట్రం వేసిన ఎమర్జెన్సీ మేనేజర్ (అప్పుల్లో మునిగిన ఊరిని నడపడానికి పెట్టే అధికారి) చేతిలో ఊరుంటే మేయర్ పదవికి విలువేమిటి? తెలిసినవారు వివరంగా చెప్పండి.

జవాబు 1: ఓట్ల_లెక్క

పేరు సంగతి నేను చెబుతాను. నగర ఛార్టర్ (పాలనా నియమావళి) ప్రకారం, నామినేషన్ వేసే రోజుకి అభ్యర్థి ఏడాదిపాటు డెట్రాయిట్‌లో నమోదైన ఓటరై ఉండాలి. డగ్గన్ ఓటు నమోదైంది 2012 ఏప్రిల్ 16న. నామినేషన్ పత్రాలు ఇచ్చింది 2013 ఏప్రిల్ 2న. గడువేమో మే 14. రెండు వారాలు ఆగి ఇచ్చి ఉంటే ఏ గొడవా లేదు. తొందరగా ఇచ్చినందుకే ప్రత్యర్థి టామ్ బారో కోర్టుకు వెళ్లారు, సర్క్యూట్ కోర్టు పేరు తీసేయమంది, అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. డగ్గన్ తప్పుకుంటున్నానని ప్రకటించి, కొద్దిరోజులకే మళ్లీ రంగంలోకి దిగారు. ఈసారి ఓటరు తన చేత్తో పేరు రాయాల్సిన అభ్యర్థిగా.

మిషిగన్‌లో ఇలా పోటీ చేయాలంటే ముందుగా గడువులోపు ఎన్నికల అధికారికి ప్రకటన పత్రం ఇవ్వాలి. అది ఇవ్వనివారి పేరు ఎంతమంది రాసినా లెక్కలోకి రాదు. ఓటరు రెండు పనులు చేయాలి: ఖాళీ గీత మీద పేరు రాయాలి, పక్కనున్న అండాకారపు గడి నింపాలి. పేరు రాసి గడి వదిలేస్తే ఓటు చెల్లదు, ఎందుకంటే యంత్రం చూసేది గడినే. అక్షరదోషాలు మాత్రం పెద్ద అడ్డంకి కాదు, ఎవరిని ఉద్దేశించారో తెలిస్తే చాలు. అందుకే ఆయన మనుషులు ఇంటింటికీ తిరిగి నమూనా బ్యాలెట్ చూపిస్తూ "గడి నింపండి, పేరు రాయండి" అన్న రెండు మాటలే నూరిపోశారు. ఇళ్లలో పెట్టే చిన్న సమావేశాలు ఆ ప్రచారానికి వెన్నెముక. టీవీ ప్రకటనలో గడి నింపడం నేర్పడం కష్టం, వంటింటి బల్ల దగ్గర కాగితం పెట్టి చూపిస్తే ఒక నిమిషం పని.

అసలు చిక్కు లెక్కింపులో వచ్చింది. చేత్తో రాసిన పేర్లను పోలింగ్ సిబ్బంది గీతలు గీసుకుంటూ లెక్కపెట్టాలి. చాలాచోట్ల గీతలు మానేసి మొత్తం అంకె వేసేశారు. దాంతో డెట్రాయిట్ ఉన్న వేన్ కౌంటీ ఎన్నికల బోర్డు ముందు వేలకొద్దీ ఓట్లు చెల్లుతాయా లేదా అన్న ప్రశ్న లేచింది. కౌంటీ దగ్గర తేలక అది రాష్ట్ర బోర్డుకు వెళ్లింది, వాళ్లు సరిచూసి ఖరారు చేశారు. చివరికి 48 వేలకు పైగా ఓట్లతో డగ్గనే మొదటి స్థానం. ఇది పార్టీలు లేని ఎన్నిక కాబట్టి మొదటి ఇద్దరూ నవంబరుకు వెళ్తారు. రెండోవారు వేన్ కౌంటీ షెరిఫ్, డెట్రాయిట్ మాజీ పోలీసు అధిపతి బెన్నీ నెపోలియన్. నవంబరు 5న డగ్గన్‌కు సుమారు 55 శాతం.

జవాబు 2: ఎనిమిదో_మైలు

"రంగు చూడటం మానేశారు" అన్న మాటతో నేను అస్సలు ఒప్పుకోను. డెట్రాయిట్‌లో జాతి అంటే ముఖం రంగు ఒక్కటే కాదు. పెత్తనం ఎవరిది, పోలీసు ఎవరి మాట వింటాడు, పన్ను డబ్బు ఎటు పోతుంది అన్నవన్నీ అందులో ఉన్నాయి.

1967లో నల్లజాతివారి తిరుగుబాటులో 43 మంది చనిపోయారు. ఆ తర్వాత పోలీసుశాఖ స్ట్రెస్ అనే దళాన్ని పెట్టింది. మఫ్తీలో దారిన పోయేవాళ్లలా నటిస్తూ దొంగలకు వల వేయడం దాని పద్ధతి. మూడేళ్లు తిరగకముందే ఆ దళం చేతిలో ఇరవై మందికి పైగా చనిపోయారు, అత్యధికులు నల్లజాతివారు. 1973 మేయర్ ఎన్నిక జరిగింది ఆ నేపథ్యంలో. ఒకవైపు పోలీసు కమిషనర్‌గా చేసిన జాన్ నికోల్స్, మరోవైపు ఆ దళాన్ని రద్దు చేస్తానన్న కోల్‌మన్ యంగ్. ఓట్లు దాదాపు పూర్తిగా జాతిని బట్టి చీలి, యంగ్ స్వల్ప తేడాతో గెలిచారు. 1974లో ప్రమాణం చేస్తూ నేరగాళ్లను ఎనిమిదో మైలు రోడ్డు పట్టుకుని వెళ్లిపొమ్మన్నారు. నల్లవాడైనా తెల్లవాడైనా, చివరికి పోలీసు యూనిఫాం వేసుకున్నవాడైనా ఒకటేనని ఆ మాటలోనే ఉంది. కానీ ఆ రోడ్డు నగరానికి ఉత్తరపు సరిహద్దు. అవతలి శివారువాళ్లకు "దొంగల్ని మా మీదికి తోలుతున్నాడు" అనే వినిపించింది. ఒకే వాక్యం రోడ్డుకు రెండువైపులా రెండు రకాలుగా వినబడ్డ ఊరు ఇది.

అదే 1974లో మిల్లికెన్ వర్సెస్ బ్రాడ్లీ కేసులో సుప్రీంకోర్టు 5-4తో శివారు బడులను డెట్రాయిట్ బడులతో కలపడానికి వీల్లేదంది. వెళ్లిపోవాలనుకున్న తెల్లజాతి కుటుంబాలకు ఆ తీర్పు గట్టి గోడ కట్టిచ్చింది. జనం, ఫ్యాక్టరీలు, ఆస్తిపన్ను అన్నీ గోడ దాటాయి. 139 చదరపు మైళ్ల ఊరి రోడ్లూ నీటిగొట్టాలూ పింఛన్లూ మాత్రం మిగిలినవాళ్ల నెత్తిన పడ్డాయి. యంగ్ పాలన వల్లే ఊరు మునిగిందనేవారు ఈ లెక్క వదిలేస్తారు.

అయితే 2013 నాటికి నల్లజాతి ఓటర్ల అనుభవంలో ఇంకొకటి చేరింది. నల్లజాతి మేయర్ క్వామీ కిల్పాట్రిక్ 2008లో రాజీనామా చేసి, 2013 మార్చిలో అవినీతి కేసులో 24 నేరారోపణల మీద దోషిగా తేలారు. మనవాడైతే చాలు అన్న భరోసా అక్కడ బాగా దెబ్బతింది. నష్టాల్లో ఉన్న డెట్రాయిట్ మెడికల్ సెంటర్‌ను నిలబెట్టిన పేరు డగ్గన్‌కు ఉంది. దీపాలు వెలగని వీధిలో ఉన్న మనిషి ఆ పేరును బేరీజు వేసుకున్నాడు. జాతిని మర్చిపోయి కాదు, దాన్ని కూడా తక్కెడలో వేసే ఓటు వేశాడు.

నోవై_చదువరి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఎమర్జెన్సీ మేనేజర్ సంగతి ఇంకా తేలలేదు. అధికారమంతా ఆ మేనేజర్ కెవిన్ ఆర్ చేతిలో ఉంటే మేయర్ ఏం చేయగలిగారు?

జవాబు 3: పురపాలన

చట్టం నుంచి మొదలుపెట్టాలి. 2011 నాటి ఎమర్జెన్సీ మేనేజర్ చట్టాన్ని మిషిగన్ ఓటర్లు 2012 నవంబరులో ఓటేసి కొట్టేశారు. నెల తిరగగానే శాసనసభ 436వ నంబరు చట్టం తెచ్చింది. అందులో నిధుల కేటాయింపు జోడించారు. అలాంటి చట్టాన్ని ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టడానికి ఆ రాష్ట్ర రాజ్యాంగం ఒప్పుకోదు. ఓటర్ల చేతిలోంచి తాళం లాక్కోవడమే ఇది. ఇలాంటి మేనేజర్లు వచ్చినవి ఎక్కువగా ఫ్లింట్, పాంటియాక్, బెంటన్ హార్బర్ వంటి నల్లజాతివారు ఎక్కువగా ఉన్న ఊళ్లకే కాబట్టి కోపం న్యాయమైనదే.

2013 మార్చిలో గవర్నర్ రిక్ స్నైడర్ ఆర్‌ను నియమించారు. జులై 18న నగరం దివాలా పిటిషన్ వేసింది, అప్పుల అంచనా 1,800 నుంచి 2,000 కోట్ల డాలర్లు. ఎన్నికయ్యాక డగ్గన్ ఆర్‌తో డిసెంబరులో ఒప్పందం చేసుకున్నారు: పోలీసుశాఖ, ఆర్థిక వ్యవహారాలు ఆర్ దగ్గరే, మిగతా రోజువారీ పాలన మేయర్ దగ్గర. అంటే దీపాలు, బస్సులు, పాడుబడ్డ ఇళ్ల కూల్చివేత ఆయనవి. అదే చట్టంలో ఇంకో వెసులుబాటు ఉంది. 18 నెలలు దాటాక కౌన్సిల్ మూడింట రెండొంతుల మెజారిటీతో, మేయర్ ఆమోదంతో మేనేజర్‌ను పంపించవచ్చు. 2014 సెప్టెంబరులో కౌన్సిల్ దాన్నే వాడింది. డిసెంబరులో ఊరు దివాలా నుంచి బయటపడింది.

వీధిదీపాలు చూస్తే పని ఎలా జరిగిందో తెలుస్తుంది. అప్పటికి నూటికి 40 దీపాలు వెలగడం లేదు. బల్బులు మారిస్తే పోయే జబ్బు కాదది. పాత తీగలు చాలాచోట్ల వరుసగా ఒకదాని వెనక ఒకటి కలిపినవి, ఒకచోట తెగితే ఆ లైను మొత్తం చీకటి. దానికి తోడు రాగి తీగల దొంగతనం. విడిగా పెట్టిన పబ్లిక్ లైటింగ్ అథారిటీ కరెంటు, గ్యాస్ వంటి బిల్లుల మీద నగరం వేసే పన్నులోంచి ఏటా 1.25 కోట్ల డాలర్లు హామీగా చూపి బాండ్లు అమ్మింది. రాగి బదులు అల్యూమినియం తీగ వేసింది, దాన్ని దొంగిలిస్తే పెద్దగా గిట్టదు. 2016 చివరికి 65 వేల ఎల్‌ఈడీ దీపాలు పూర్తయ్యాయి. ఆ అథారిటీ డగ్గన్ రాకముందే మొదలైంది, కాబట్టి మెప్పంతా ఆయన ఒక్కరిదే అనడం సరికాదు.

జవాబు 4: లివర్నాయ్_వీధి

రెండు సంగతులు కలపాలి. ఒకటి, 2013 నవంబరులో ఓటేసింది నమోదైనవారిలో నాలుగో వంతే. ఊరంతా ఏకమై కోరుకున్నట్టు చెప్పకండి. డగ్గన్ వెనక వ్యాపారవర్గాల డబ్బు కూడా గట్టిగానే ఉంది. రెండు, ఇళ్ల ధరలు పడిపోయినా ఆస్తిపన్ను విలువ తగ్గించకపోవడంతో 2010-16 మధ్య ఇళ్ల యజమానుల నుంచి కనీసం 60 కోట్ల డాలర్లు అదనంగా వసూలైందని పత్రికా పరిశోధనలో తేలింది. పన్ను కట్టలేక ఇళ్లు పోగొట్టుకున్నవారిలో అత్యధికులు నల్లజాతివారు. నగరం బాగుపడింది అన్నప్పుడు ఎవరికి అని అడగాల్సింది ఇక్కడే.

అయినా డగ్గన్ 2017లో కోల్‌మన్ యంగ్ కొడుకు మీద సుమారు 72 శాతంతో గెలిచారు, 2021లోనూ గెలిచారు. 2025 నవంబరులో కౌన్సిల్ అధ్యక్షురాలు మేరీ షెఫీల్డ్ గెలిచి, ఊరికి మొదటి మహిళా మేయర్ అయ్యారు. ఆమె నల్లజాతి మహిళ. ప్రాతినిధ్యం మీద పట్టింపు పోలేదనడానికి ఇంకో గుర్తు: 2022లో భారత సంతతికి చెందిన శ్రీ థానేదార్ గెలిచినప్పుడు, 1955 తర్వాత మొదటిసారి డెట్రాయిట్ తరఫున అమెరికా కాంగ్రెస్‌లో (చట్టసభలో) నల్లజాతి సభ్యుడు లేకుండా పోయాడని అక్కడ పెద్ద చర్చే నడిచింది.

నోవై, ట్రాయ్ వంటి శివారు ఊళ్లలో ఉంటూ డౌన్‌టౌన్‌లో ఉద్యోగం చేసే మనవాళ్లు ఈ నగరానికి 1.2 శాతం ఆదాయపు పన్ను కడతారు. అక్కడే ఉండేవారికి 2.4 శాతం. శివార్ల నుంచి కట్టేవారికి ఓటు లేదు కానీ బడ్జెట్ విచారణలు బహిరంగమే, వెళ్లి వినవచ్చు, మాట్లాడవచ్చు కూడా.