శాక్సోఫోన్‌కు పూత రీడ్లు మన్నుతాయా?

ప్రశ్న (విజయవాడ): ఆల్టో శాక్సోఫోన్‌పై కర్ణాటక సంగీతం సాధన చేస్తున్నాను. ఎండాకాలపు పెళ్లిళ్లలో కాసేపు వాయించడం ఆపితే చాలు, రీడ్ (నోట పెట్టుకునే చోట బిగించే, ఊదితే కంపించి నాదమిచ్చే పలుచని రెల్లు పలక) ఆరిపోయి కొన అలలుగా వంకర తిరుగుతోంది. పూత ఉన్నవి మేలంటారా?

జవాబు (గుంటూరు): మేలేనండి. ప్లాస్టికవర్ అనే పూత రీడ్ లోపల ఉన్నది మామూలు రెల్లుజాతి కాడే అయినా, పైనున్న పలుచని ప్లాస్టిక్ పూత తేమను త్వరగా పీల్చనీయదు, త్వరగా ఆరనీయదు. నాదం మాత్రం కొంత పదునుగా ఉంటుంది. బిగువుగా తోస్తే గట్టిదనం అంకె 2.5 ఉన్న రీడ్ బదులు కాస్త మెత్తనైన 2 తీసుకోండి.

జవాబు (విజయవాడ): గమకాలకు పెదవి ఒత్తిడిని సడలిస్తూ, బిగిస్తూ ఉండాలి కనుక మెత్తని రీడ్ తీసుకోమన్న ఆ సలహా మరీ ముఖ్యం. వాయించాక తుడిచి చదునైన రీడ్ పెట్టెలో ఉంచండి. కొన దగ్గర పూత పొరలుగా లేస్తే ఇక మార్చవలసిందే.

జవాబు (గుంటూరు): లెజేర్ వంటి పూర్తి సింథటిక్ రీడ్లకు తడపడమే అక్కర్లేదు, కానీ ఖరీదెక్కువ. ముందు పూత రీడ్ ఒకటి వాయించి చూడండి.