యూఎస్‌బీ వైఫై అడాప్టర్ లైనక్స్‌లో పనిచేయకపోతే తప్పెవరిది? (ఆన్‌లైన్ ఫోరం చర్చ; పేర్లు సభ్యులు పెట్టుకున్నవి)

మానేరు: విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది. నా పాత ల్యాప్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కదు, అందుకని లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 24.04 వేసుకున్నాను. లోపలి వైఫై కార్డు పాడైంది, యూఎస్‌బీ అడాప్టరే దిక్కు. విండోస్‌లో బాగానే పనిచేసేది. ఇక్కడ మాత్రం సీడీ డ్రైవ్‌లా కనిపిస్తోంది, ఐడీ 0బీడీఏ:1ఏ2బీ. పాడైపోయిందా?

టెర్మినల్: పాడవలేదు. అది రియల్‌టెక్ చిప్. విండోస్ డ్రైవర్ (అడాప్టర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టిన చిన్న డిస్క్ అందులోనే ఉంటుంది, ముందు అదే కనిపిస్తుంది. దాన్ని ఎజెక్ట్ చేస్తే చాలాసార్లు వైఫైగా మారుతుంది. అయినా కొనేముందే చిప్ చూసుకోవాలండీ. మీడియాటెక్ ఎంటీ7612యూకి కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) 4.19 నుంచి, ఎంటీ7921ఏయూకి 5.18 నుంచి డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది, విడిగా వేయక్కర్లేదు.

కొబ్బరితోట: చిప్ పేరు డబ్బా మీద ఎక్కడుంటుంది? నేను కొన్నదాని మీద విండోస్, మ్యాక్, లైనక్స్ అని మూడూ రాశారు. ఇంటికొచ్చి సన్నక్షరాలు చదివితే, లైనక్స్ అంటే కెర్నల్ 2.6 నుంచి 4.4 దాకానట, అన్నీ పాతవే!

టెర్మినల్: నెట్‌లో వెతికితే దొరుకుతుంది. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ చూడండి. మొదటి వెర్షన్‌లో ఏథరోస్ ఏఆర్9271, రెండో వెర్షన్‌లో రియల్‌టెక్ 8188ఈయూఎస్. అందుకే వెర్షన్ కూడా చూడాలి.

కొబ్బరితోట: అదే నేనూ అంటున్నది. మోడల్ పేరు ఒకటే, లోపల చిప్ వేరు. మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది?

సాయంత్రం: యాపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్ వాడేవాళ్లు డబ్బా మీద 'మ్యాక్' అని చూసి కొనకండి, వాటికి డ్రైవర్ సాధారణంగా ఉండదు. యూఎస్‌బీ ఈథర్నెట్ నయం.

టెర్మినల్: చదవకుండా కొని లైనక్స్‌ని అంటే ఎలా? గిట్‌హబ్‌లో డ్రైవర్ ఉంటుంది, డీకేఎంఎస్‌తో (కెర్నల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ని మళ్లీ బిల్డ్ చేసే టూల్) వేస్తే ఐదు నిమిషాల పని.

కొబ్బరితోట: ఐదు నిమిషాలు మీకు! మా నాన్నగారు రిటైర్డ్ టీచరు. తెలిసిన అబ్బాయొకడు ఆ డీకేఎంఎస్‌తోనే వేసి వెళ్లాడు. రెండు నెలలకు కెర్నల్ అప్‌డేట్ వచ్చింది, డ్రైవర్ మళ్లీ బిల్డ్ కాలేదు. నెట్ పోయింది. బాగు చేసుకోవాలంటే నెట్ కావాలి! పది రోజులు మనవరాలితో వీడియో కాల్ లేదు. ఆ అబ్బాయికి ఫోన్ చేస్తే "వేరే అడాప్టర్ కొనండి" అన్నాడు.

టెర్మినల్: అయితే సెక్యూరిటీ అప్‌డేట్లు లేని విండోస్‌లోనే బ్యాంకు పనులు చేసుకోమంటారా?

కొబ్బరితోట: విండోస్ మాట నేనెత్తానా? ఇంకొకరి మెషిన్‌కి లైనక్స్ వేసేముందు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, వాళ్ల అడాప్టర్ పెట్టి చూడాలి. దానంతటది పనిచేయకపోతే వేయకూడదు. చూసుకునేవాళ్లు లేని ఇంట్లో వేసి వెళ్లిపోవడం తప్పు. నా గొడవంతా అదే.

టెర్మినల్: పెన్‌డ్రైవ్ మాట ఒప్పుకుంటాను. వేయకూడదన్నది ఒప్పుకోను. అలాగైతే ఎన్ని మంచి మెషిన్లు అటకెక్కుతాయి! వేయాలి, తర్వాత కూడా చూసుకోవాలి. మా ఊళ్లో నేను వేసిన పదకొండింటికీ నేనే వెళ్తాను.

కొబ్బరితోట: మీరు ఉద్యోగానికి ఊరు మారితే?

మానేరు: ఎజెక్ట్ చేశాను. ఐడీ 0బీడీఏ:సీ811 అయింది, వైఫై వచ్చింది! కానీ రీస్టార్ట్ చేస్తే మళ్లీ సీడీ డ్రైవ్‌గానే వస్తోంది. ఈ ల్యాప్‌టాప్ వాడేది మా అమ్మ. రోజూ ఎజెక్ట్ చేయమంటే ఆవిడకు కష్టం.

టెర్మినల్: యూడెవ్ రూల్ (పరికరం పెట్టగానే ఏం చేయాలో లైనక్స్‌కి చెప్పే చిన్న ఫైలు) ఒకటి రాస్తే దానంతటదే మారుతుంది. ఈ రాత్రికి నా దగ్గర పరీక్షించి ఇక్కడ పెడతాను. అప్‌డేట్ తర్వాత ఆగినా ఇక్కడే అడగండి.