అరవై దాటాక యోగా మొదలుపెట్టాలా, నడక చాలా?

కాకినాడ కోడలు:
మా అత్తయ్యకి 67. బీపీకి మాత్ర వేసుకుంటారు, మోకాళ్ళు కొంచెం అరిగాయని డాక్టరు చెప్పారు. కాలనీ పార్కులో పొద్దున్నే యోగా క్లాసు పెట్టారు, చేరతానంటున్నారు. మా ఆయనేమో ఈ వయసులో కొత్తగా ఒళ్ళు వంచడం ఎందుకు, వాకింగ్ చేస్తే చాలదా అంటారు. ఇంట్లో రోజూ ఇదే వాదన.

పాత బెజవాడ:
మీ ఆయన మాటే నాదీ అమ్మా. నడకకి ఖర్చు లేదు, మాస్టారు అక్కర్లేదు. మా వీధిలో ఒకాయన హెర్నియా ఉందని తెలిసీ టీవీ చూసి కపాలభాతి, అదే పొట్ట లోపలికి లాగుతూ ఊపిరిని బలంగా బయటికి వదలడం, మొదలుపెట్టారు. నొప్పి ముదిరి ఆపరేషన్ దాకా వెళ్ళింది.

తిరుమల మెట్లు:
కోయంబత్తూరు యోగా గురువు నానమ్మాళ్ గారు తొంభై దాటాక కూడా ఆసనాలు వేశారు, 2018లో పద్మశ్రీ అందుకున్నారు. వయసు అడ్డమెలా అవుతుంది?

పాత బెజవాడ:
ఆవిడ చిన్నప్పుడే తండ్రి దగ్గర నేర్చుకున్నారు. అరవైల్లో మొదలుపెట్టేవాళ్ళకి ఆవిడని ఎలా చూపిస్తాం?

వరంగల్ ఫిజియో:
బాబాయిగారు అన్నది నిజం. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళ సంగతే చూద్దాం. అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో సగటున తొంభై ఏళ్ళున్నవాళ్ళతో ఎనిమిది వారాలు కాళ్ళకి బరువులతో వ్యాయామం చేయించారు. తొడల బలం సగటున రెట్టింపు దాటింది. ఆ ఫలితాలు 1990లో వచ్చాయి. కండ ఏ వయసులోనైనా మాట వింటుంది.

నడక గుండెకీ షుగరుకీ మంచిదే. కానీ పెద్దవాళ్ళు పడిపోయేది ఎక్కువగా ఇంట్లోనే: రాత్రి బాత్రూముకి లేచినప్పుడు, తడి గచ్చు మీద తిరిగినప్పుడు. అక్కడ కావలసింది తొడల బలం, బ్యాలెన్స్. 65 దాటినవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాల నడక లాంటి శ్రమతో పాటు, కనీసం మూడు రోజులు బలం, బ్యాలెన్స్ పెంచే వ్యాయామం చేయాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ రెండో సగం వాకింగ్‌తో తీరదు.

ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. గట్టి కుర్చీని గోడకి ఆనించండి. అంచుకి జరిగి కూర్చుని, పాదాలు కాస్త వెనక్కి పెట్టి, ముందుకి వంగి చేతుల ఆసరా లేకుండా లేవాలి. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడకుండా మెల్లగా దిగాలి. కండకి అసలు పని ఆ దిగడంలోనే ఉంది. లేవలేకపోతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి.

క్లాసులో అయితే నిటారుగా నిలబడే తాడాసనం, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం, ఊపిరి బిగబట్టకుండా ప్రాణాయామం చాలు. బీపీ ఉన్నవాళ్ళకి శీర్షాసనం, కపాలభాతి వద్దు. గ్లకోమా (కంట్లో ఒత్తిడి వల్ల చూపు నరం దెబ్బతినే జబ్బు) ఉంటే తల కిందికి పెట్టే ఏ ఆసనమూ వద్దు, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. ఎముకలు గుల్లబారినవాళ్ళు కాళ్ళు చాపి ముందుకి వంగే పశ్చిమోత్తానాసనం జోలికి వెళ్ళకూడదు, వెన్నుపూస నలిగే ప్రమాదం ఉంది. అరిగిన మోకాళ్ళతో నొప్పి పుడుతున్నా వజ్రాసనంలో, అంటే మోకాళ్ళు మడిచి మడమల మీద, కూర్చోకూడదు. కుర్చీ అడగడానికి మొహమాటపడొద్దు, పేరున్న యోగా గురువు బీకేఎస్ అయ్యంగార్ గారే కుర్చీలూ బెల్టులూ దిళ్ళూ పెట్టి నేర్పించారు.

పాత బెజవాడ:
ఇంత చూసి నేర్పేవాళ్ళు కాలనీ పార్కులో ఎక్కడ దొరుకుతారు నాయనా? యాభైమందిని వరసగా కూర్చోబెట్టి మైకులో చెప్పుకుపోతారు. ఎవరి మోకాలు ఎలా ఉందో చూసేదెవరు? నా భయమంతా ఆ గుంపు గురించే.

వరంగల్ ఫిజియో:
ఆ భయం న్యాయమైనదే. అందుకే మొదటిరోజే మాస్టారుకి బీపీ, మోకాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. "ఏం ఫర్లేదు, అందరూ చేస్తున్నారు" అని కొట్టిపారేస్తే ఆ క్లాసు మనకొద్దు. కుర్చీ వ్యాయామం, నడక రెండూ కలిపి ఇంట్లోనే సాగించండి. ఛాతీలో నొప్పి గానీ కళ్ళు తిరగడం గానీ ఉంటే ముందు డాక్టరు.

కాకినాడ కోడలు:
అందరికీ ధన్యవాదాలు. ఇదంతా మా ఆయనకి చదివి వినిపించాను, రేపు తనే వచ్చి మాస్టారుతో మాట్లాడతానన్నారు. అత్తయ్యకి కంటి ఒత్తిడి ఎప్పుడూ చూపించలేదు, క్లాసులో చేరేముందే ఆ పరీక్ష చేయిస్తాం.