9 ఎం.ఎం. తూటా కేసు అడుగున చిరిగింది, పౌడర్ మార్చాలా?

డెంటన్‌_శీను:
అన్నలూ, నేను టెక్సస్‌లో ఉంటాను. నిన్న రేంజ్‌లో నేను రీలోడ్ చేసుకున్న (వాడేసిన ఇత్తడి కేసులో మళ్లీ మందు, బుల్లెట్ పెట్టిన) 9 ఎం.ఎం. తూటా ఒకటి పేలగానే చేతుల మీద వేడిగాలి కొట్టింది, మ్యాగజైన్ ఊడి కింద పడింది. దెబ్బలేం తగల్లేదు. కేసు చూస్తే అడుగున గాడికి కాస్త పైన, ఒక పక్కే చిరిగింది. మూతి బాగానే ఉంది. బుల్లెట్ బరువు 124 గ్రెయిన్లు, పౌడర్ మాన్యువల్లో ఇచ్చిన మొదటి (అన్నిటికంటే తక్కువ) మోతాదే. కేసులు రేంజ్‌లో ఏరినవి, రకరకాల కంపెనీలవి. పౌడర్ బ్రాండ్ మార్చమంటారా?

పాత_ప్రెస్:
ముందు ఆ పిస్టల్ పక్కన పెట్టు శీనూ. గన్‌స్మిత్ బారెల్ చూసేదాకా ముట్టుకోకు. ఆ విడతలో చేసిన మిగతా తూటాలూ కాల్చకు, విప్పెయ్.

పౌడర్ బ్రాండ్ సంగతి తర్వాత. కేసు మూతి దగ్గర చీలితే అది ముసలిదైందని అర్థం. మళ్లీ మళ్లీ సాగి ఇత్తడి అప్పడంలా పెళుసవుతుంది. దాన్ని పారేస్తే సరిపోతుంది. అడుగున, అదీ ఒక పక్కే పోయిందంటే అది దాదాపు ఖాయంగా ఫీడ్ ర్యాంప్ (తూటా మ్యాగజైన్ నుంచి బారెల్లోకి జారే వాలు) వైపు. అక్కడ చాంబర్ (బారెల్ వెనక తూటా కూర్చునే చోటు) గోడ కేసును పూర్తిగా కప్పదు. 9 ఎం.ఎం.కి సామీ (అమెరికాలో తూటాల ప్రమాణాలు పెట్టే సంస్థ) గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. ఇంకో పిస్టల్ తూటా .45 ఏసీపీకి 21,000 మాత్రమే. ఆ కాస్త జాగాలో అంత పీడనాన్నీ ఆపాల్సింది ఒట్టి ఇత్తడే.

నా అనుమానం బుల్లెట్ లోపలికి దిగిపోవడం మీద. మోతాదు అదే అయినా, బుల్లెట్ వెనక ఖాళీ తగ్గితే పీడనం అమాంతం లేస్తుంది. తూటా పొడవు కాలిపర్‌తో కొలిచి, బుల్లెట్ కొనను బల్ల అంచుకు బొటనవేలితో గట్టిగా నొక్కి మళ్లీ కొలువు. తగ్గిందంటే కేసు బుల్లెట్‌ను పట్టుకోవడం లేదు. చాలామంది అప్పుడు క్రింప్ (కేసు మూతిని బుల్లెట్ మీదకు నొక్కడం) బిగిస్తారు. అది తప్పు. 9 ఎం.ఎం. చాంబర్లో ఆనేది కేసు మూతి మీదే. క్రింప్ పని బుల్లెట్ పెట్టడానికి మూతికి ఇచ్చిన గంట ఆకారాన్ని సరిచేయడం వరకే. ఎక్కువ బిగిస్తే పట్టు ఇంకా వదులవుతుంది.

రెండోది డబుల్ చార్జ్. వేగంగా మండే పౌడర్ కొంచెమే పడుతుంది కాబట్టి రెండుసార్లు పడినా కేసులో ఇమిడిపోవచ్చు. బ్రాండ్ మార్చాలంటే ఈ ఒక్క కారణానికి మార్చు. రెండోసారి పడితే పొంగి బయటికొచ్చే రకం తీసుకో. ఏది వాడినా బుల్లెట్ పెట్టేముందు ప్రతి కేసులోకీ టార్చ్ వేసి చూడాల్సిందే. అప్పుడే కేసు లోపలి గోడకు మెట్టులాంటి అంచు ఉందేమో కూడా చూడు. అలాంటివి ఆ అంచు దగ్గరే రెండు ముక్కలవుతాయి, తుక్కులో వెయ్.

ఇంకోటి, అమ్మోనియా ఉన్న పాలిష్‌తో ఇత్తడి రుద్దకు. బ్రిటిష్ ఇండియాలో వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాలు కాల్చకుండానే చీలేవి. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియానే కారణమని 1921లో తేల్చారు.

సుగుణ_హ్యూస్టన్:
కొత్తవాళ్ల కోసం ఒక మాట. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీయే కాదు, తూటా కూడా దగ్గర ఉంచుకోకూడదు. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, లాయర్‌ని అడగండి. చేసిన తూటాలు స్నేహితులకు అమ్మడం మొదలుపెడితే లైసెన్స్ కావాలి.

వరంగల్_రైఫిల్:
ఇక్కడ ఇండియాలో తూటాలు ఇంట్లో చేసుకోవచ్చా అండీ? నాకు గన్ లైసెన్స్ ఉంది.

సుగుణ_హ్యూస్టన్:
ఆ లైసెన్స్ చాలదండీ. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తయారీకి వేరే లైసెన్స్ ఉండాలి. కొనుక్కోండి.

డెంటన్‌_శీను:
అన్నా, విప్పినవాటిలో పౌడర్ తూకం సరిగ్గానే ఉంది. కానీ బల్లకు నొక్కితే కొన్ని దిగిపోతున్నాయి. ప్రెస్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, డైలు (కేసును మలిచే అచ్చులు) దాంతోనే వచ్చాయి.

పాత_ప్రెస్:
అయితే మూతి వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ కొలిచి చూడు. కాస్త లావు బుల్లెట్ ఉండే .38కి వాడేది అందులో ఉండిపోయి ఉంటే 9 ఎం.ఎం.కి వదులవుతుంది. సరైనది వేశాక బారెల్ ఊడదీసి, తూటా అందులో వదిలి చూడు. టక్కున దిగి వేళ్లతో తిరగాలి. అప్పుడు కూడా మొదటి మోతాదు నుంచే మొదలుపెట్టు.